ఒక్క యాడ్ కూడా రాని ఫోన్

రియాద్‌లో, మలాజ్‌లోని మా రూమ్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. నాది ఏసీలు బాగుచేసే పని. రూమ్‌లో నాకున్న గౌరవం మాత్రం ఫోన్ల వల్ల వచ్చింది. ఫోన్‌ని రూట్ చేయకుండానే, అంటే దాని తాళాలు పగలగొట్టకుండానే, యాడ్లు ఆపడం నాకు వచ్చు. సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అనే చోట ఒక పేరు టైప్ చేస్తే సగం చెత్త గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఏ యాప్‌కు మైకు ఇవ్వాలి, దేనికి కెమెరా ఇవ్వకూడదు అన్నది మిగతా సగం. ఈ మాత్రం విద్యకే పెద్ద ఇంజనీరులా ఫోజు కొట్టేవాణ్ణి. శుక్రవారం వచ్చిందంటే పక్క రూముల వాళ్లు కూడా ఫోన్లు పట్టుకుని నా మంచం చుట్టూ చేరేవాళ్లు.

"ఫోన్ మనది, పర్మిషన్ మనమియ్యాలె," అని అందరికీ ఉపన్యాసం దంచేవాణ్ణి. మేం ఊరికి పోవాలంటే ఎవరు పర్మిషన్ ఇవ్వాలో ఆ ఉపన్యాసంలో వచ్చేది కాదు.

పక్క మంచం తమ్ముడిది జగిత్యాల వైపు. టైల్స్ మేస్త్రీ. అప్పుడే అతనికి కూతురు పుట్టింది. వీడియోలో పాప కళ్లు తెరిచే సమయానికి సరిగ్గా రమ్మీ ఆడమని ఒక యాడ్ వచ్చి మీద పడింది.

"అన్నా, దీన్ని జర సూడు. పిల్ల మొఖం సూడనిస్తలేదు," అన్నాడు.

చూశాను. డీఎన్‌ఎస్ మార్చాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? మెసేజ్‌లు కూడా తెరిచాను. అన్నీ అరబ్బీలో, మధ్య మధ్య పిజ్జా బొమ్మలు, సెంటు సీసాల బొమ్మలు. మా ఆరుగురికీ పని నడిచేంత అరబ్బీ మాట్లాడటం వచ్చు, చదవడం ఒక్కడికీ రాదు. చదవాల్సిన పని లేదని నేనే తీర్మానించాను. అరబ్బీలో వచ్చిందంటే యాడే. పంపిన నంబర్లన్నీ వరసపెట్టి బ్లాక్ చేసి, చేతులు దులుపుకున్నాను.

ఇరవై ఒకటో రోజు పాపను తొట్టెలలో వేస్తారు. దానికి వెళ్లాలని అతను ముందే సెలవు పెట్టుకున్నాడు. మంజూరైతే మెసేజ్ వస్తుందని ఆఫీసులో చెప్పారు. పాపకు కొన్న గజ్జెల పట్టీలు సూట్‌కేసులో పైనే పెట్టుకుని, రోజుకు పదిసార్లు ఫోన్ చూసుకునేవాడు. ఫోన్ మహా ప్రశాంతంగా ఉండేది. మేమంతా కలిసి కఫీల్‌ని, అంటే సెలవు ఇవ్వాల్సిన యజమానిని, తిట్టాం. అందరికంటే గట్టిగా తిట్టింది నేనే.

తొట్టెలకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయనగా అతన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను, దులిపేద్దామని. పాకిస్తానీ క్లర్కు కంప్యూటర్‌లో చూసి హిందీలో చెప్పాడు. సెలవు ఎప్పుడో ఇచ్చారట. మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టమని మెసేజ్ పంపారట. రాలేదు కాబట్టి లిస్టులో తర్వాతి వాడికి ఇచ్చేశారట.

ఫోన్ లాక్కుని బ్లాక్ చేసినవాటిలో వెతికాను. ఆఫీసు మెసేజ్ ఉంది. అంతకుముందు పండక్కి శుభాకాంక్షలు పంపిందీ ఆ నంబరేనని క్లర్కు చదివి చెప్పాడు. నేను దాన్ని ఏదో మాల్ అనుకున్నాను.

సిగ్గుతో చచ్చిపోయాను. బయటికొచ్చాక, "నన్ను తిట్టు తమ్మీ," అన్నాను.

"తిడితే సెలవొస్తదా అన్నా?" అన్నాడు.

తొట్టెల శుక్రవారం పడింది. దిండుకు ఫోన్ ఆనించుకుని మంచం మీద కూర్చున్నాడు. అవతల ఆడవాళ్లు పాడుతున్నారు. పాప చెవిలో పేరు నువ్వే చెప్పాలని అతని భార్య ఫోన్‌ను పాప చెవి దగ్గర పెట్టింది. మూడుసార్లు చెప్పాడు.

కాల్ అయిపోయాక ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఒక్క యాడ్ గూడ రాలే అన్నా. మంచిగ జేసినవ్," అన్నాడు.

ఎగతాళేమో అని చూశాను. కాదు, నిజంగానే మెచ్చుకుంటున్నాడు.