సబ్బుపెట్టె గది

నానక్‌రామ్‌గూడ అద్దాల మేడలో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో వడ్రంగి పని చేసే మొగిలి ఆ ఊరివాడే. అతనికి ఒకటే పిచ్చి: చేసింది నున్నగా ఉండాలి. ఆ పిచ్చే ఒకసారి కొంప ముంచబోయింది.

కంపెనీ పై అంతస్తుకు మారుతోంది. ఏ గది ఎక్కడుండాలో అందరితో మాట్లాడించాలని, అడ్మిన్ చూసే కడప అమ్మాయి శిరీష అతనితో కొత్త అంతస్తు నమూనా చేయించింది. మొగిలి పది రోజులు కూర్చుని టేకు చెక్కతో చేసి, పాలిష్ కొట్టాడు. జనం వచ్చారు, "సూపర్" అన్నారు, సెల్ఫీలు దిగి వెళ్లిపోయారు. మార్పు చెప్పినవాడు ఒక్కడు లేడు.

ఊడ్చి తుడిచే సత్తెమ్మ మాత్రం దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఆమె, తోటి ఆడవాళ్లు ఎనిమిదేళ్లుగా మెట్ల మీదే అన్నం తింటున్నారు. కొత్త అంతస్తులోనైనా చోటుందేమోనని వెతికింది. లేదు.

"మరి చెప్పకపోయినవా అక్కా?" అన్నాడు మొగిలి, తర్వాత ఆమె నోట ఆ సంగతి విని.

"అంత మంచిగ చేసినవు తమ్మీ. చెయ్యి వెట్టబుద్ధి కాలె."

ఆ మాటతో మొగిలికి రెండు పూటలు అన్నం సహించలేదు. శిరీష దగ్గరికి వెళ్లి, "మళ్ల చేస్త మేడం. ఈసారి జర గలీజుగనే చేస్త," అన్నాడు.

"అట్లెందుకన్నా?"

"గప్పుడైతే అందరు చెయ్యి వెడ్తరు."

పాత అట్టపెట్టెలు కోసి, జిగురు పెట్టకుండా గోడలు నిలబెట్టి, టీ మెషిన్ పక్కన ఉంచాడు. ఆ వంకర గోడలు చూస్తే అతనికే ప్రాణం ఉసూరుమంది. టీ కప్పులతో వచ్చినవాళ్లు మాత్రం ఊరుకోలేదు. ఒకరు మీటింగ్ గది జరిపారు, ఇంకొకరు వెనక్కి తోశారు, వాదులాట మొదలైంది. సత్తెమ్మ ఖాళీ సబ్బుపెట్టె ఒకటి తెచ్చి ఒక మూల పెట్టింది. సాయంత్రానికి ఎవరో దాన్ని తీసేసి అక్కడ ప్రింటర్ పెట్టారు. పొద్దున్నే ఆమె మళ్లీ పెట్టింది. మూడు రోజులు ఇదే తంతు.

నాలుగో రోజు పెద్ద మేనేజర్ దినేష్ ఆ పెట్టె చేతిలోకి తీసుకుని, "ఇదెవరిది?" అన్నాడు.

"నాది సార్," అంది సత్తెమ్మ. "మేం కూసొని తినేటి గది. ఎనిమిదేండ్ల సంది మెట్ల మీదనే తింటున్నం."

దినేష్ పెట్టెను దాని మూలలోనే ఉంచి, ప్రింటర్ ఎక్కడికి జరుపుదామని అందరినీ అడిగాడు.

కొత్త అంతస్తులో ఆ గదికి తలుపు బిగించింది మొగిలే. మనసారా నున్నగా చేశాడు. సత్తెమ్మ ఈసారి వెనకాడకుండా దాని మీద చెయ్యి వేసింది.

"అంతా మంచిగుంది తమ్మీ. గడియ ఒక్కటి లోపటికి మార్చు."

మొగిలి మార్చాడు. మధ్యాహ్నం ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలతో లోపలికి వెళ్లారు. గడియ పడిన చప్పుడు విని, అతను టీ తాగడానికి వెళ్లాడు.