పొయ్యికొక మనిషి

నా చిన్నప్పుడు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమనున్న మా పల్లె రెండు వర్గాలుగా చీలి కొట్టుకునేది. మా వర్గానికి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఎదుటి వర్గం మీదికి పోవడానికి పొయ్యికొక మగమనిషి కట్టె పట్టుకొని రావాలని ఆయన చాటింపు వేయించాడు. అందరికీ ఒకటే న్యాయమని మా వర్గమంతా తలూపింది.

పెద్దాయన ఇంట్లో అయిదుగురు అన్నదమ్ములు. నలభై మంది తిన్నా పొయ్యి ఒకటే. ఆ ఒక్క మనిషిగా కూడా వాళ్ళు జీతగాణ్ణి పంపడానికి సిద్ధపడ్డారు. మాది కూలిబతుకు. మా నాయన, ఇద్దరు చిన్నాయనలు పెళ్ళిళ్ళయ్యాక వేరుపడి మూడు గుడిసెల్లో వండుకునేవారు. అంటే మా జేజి కన్న ముగ్గురూ పోవాలి.

మా జేజి నోరంటే ఊళ్ళో అందరికీ జంకే. ఆరోజు ఆమె గడ్డపార తీసుకొని చిన్నకోడళ్ళిద్దరి మట్టిపొయ్యిలనూ పగలగొట్టి, అందరికీ మా గుడిసెలోనే జొన్నసంగటి కెలికింది. పొయ్యిలు లెక్కపెట్టడానికి వచ్చిన తలారి బిత్తరపోయి పెద్దాయనను పిలుచుకొచ్చాడు.

"మీ ఇంట్లో నలభై మంది తింటారు, పొయ్యి ఒగటేనని ఒగణ్ణే పంపుతాండారు. ఇయ్యాల్టి నుంచి మాదీ ఒగటే పొయ్యి అప్పా. మేమూ ఒగణ్ణే పంపుతాం" అంది జేజి.

తను పెట్టిన రూలే కాబట్టి ఆయన కాదనలేకపోయాడు. నేను సంబరపడ్డాను. కానీ ఆ ఒక్కడు ఎవరో జేజే తేల్చాలి. చిన్నాయనల బిడ్డలు ఇంకా చంకలోనే ఉన్నారు. నాకు ఎనిమిదేళ్ళు.

"పెద్దోడా, నువ్వు పో" అంది మా నాయనతో, ముఖం చూడకుండా.

రెండు రోజులకు వేరుశనగ చేలల్లో కొట్లాట జరిగింది. మా వర్గంలో ఇద్దరు చచ్చిపోయారు. ఒకరు మా నాయన, రెండోవాడు పెద్దాయన ఇంటి జీతగాడు.

చాలా ఏళ్ళు జేజితో నేను సరిగా మాట్లాడలేదు. ఆమె ఇద్దరు కొడుకులను దక్కించుకుందని ఊరు మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. నేనూ బిడ్డల తల్లినయ్యాక ఆ కోపం చల్లారింది, దుఃఖం మాత్రం పోలేదు.

ఇప్పుడు ఆదోనిలో మనవళ్ళ దగ్గర ఉంటున్నాను. అందరికీ ఒకటే న్యాయమని ఎవరన్నా అంటే, దేన్ని లెక్కపెట్టి అంటున్నారని అడుగుతాను. ముసలిదాని చాదస్తమని పిల్లలు నవ్వుతారు. వాళ్ళ నవ్వు ఆగేదాకా ఉండి మళ్ళీ అడుగుతాను.