ఇల్లు మరవని గడ్డ

మా వారి పేగులోంచి తీసిన క్యాన్సర్ గడ్డ రిపోర్టు ఈ రోజు వచ్చింది. డాక్టరు చదివి వివరించారు. గడ్డలోని కణాలు తాము పుట్టిన పేగు రూపు పూర్తిగా మరిచిపోతే ప్రాణానికి ముప్పు ఎక్కువట. ఈయనవి చాలావరకు మరవలేదట.

“ఎన్నేళ్లు?” అని హిందీలో అడిగాను.

“అమ్మాజీ, ఆ లెక్క ఎవరూ చెప్పలేరు. ఆశ మాత్రం ఉంది.”

లెక్క తేలనిదే లేవని నేను ఆ మాటతోనే లేచి ఆయనతో ఇంటికి వచ్చాను.

రాయ్‌పూర్‌లోనే పుట్టిపెరిగిన మనవడు గుమ్మంలోనే అడిగాడు. “తాతయ్యా, డాక్టర్ సాబ్ ఏం బోలారు?”

“నీకంటే నా గడ్డే నయమన్నారురా. అది ఇంకా ఇల్లు మరవలేదట,” అన్నారాయన.

రోజూ వాడి హిందీ కలిసిన తెలుగు దిద్దే నేను ఇవాళ దిద్దలేకపోయాను. మీరైతే దిద్దేవారా?