మగ్గం చదవని భామ

సిద్దిపేట నేత సంఘం షెడ్డులో కంప్యూటర్ ముందు కూర్చునే బాలరాజు, ఎవరు ఏ కొత్త సంగతి తెచ్చినా ముందు ఒకటే అడుగుతాడు: "మగ్గం మీద నడిపి చూసిన్రా?" కుర్రకారు అతని వెనక ఆ మాటే అనుకరించి నవ్వుకుంటారు. నవ్వేవాళ్లకేం, పోయింది వాళ్లది కాదు.

బాలరాజు వయసంతా బొంబాయి దగ్గరి భివండీ మరమగ్గాల మోతలో గడిచింది. డిజైన్లు గీసే కంప్యూటర్ పని అక్కడే పట్టుబడింది. తండ్రి ఎల్లన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందని కబురొస్తే అన్నీ వదిలేసి వచ్చాడు. ఎల్లన్న గొల్లభామ చీరలు నేసినవాడు. నెత్తిన చల్లకుండ పెట్టుకున్న భామను, ముందు బొమ్మంటూ ఏదీ లేకుండా, పోగులు వేళ్లతో ఎత్తి అంచు మీద నిలబెట్టేవాడు. ఇప్పుడా వేళ్లు మంచం పట్టెమీద చచ్చుగా పడి ఉండేవి.

ఆ రోజుల్లోనే సంఘం వాళ్లు మగ్గానికి ఎలక్ట్రానిక్ పెట్టె బిగించారు. కంప్యూటర్‌లో గీసిన ఫైలును అది చదువుతుంది, ఏ పోగు లేవాలో అదే లేపుతుంది. బాలరాజు తండ్రిని ఆటోలో షెడ్డుకు తెచ్చి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఎల్లన్న మాట ముద్దముద్దగా వచ్చేది. "గీ పోగు లేపు. గా రెండు ఇడువు. ఇగో, గీడ మడిమ." కొడుకు తెరమీద గడి తర్వాత గడి నింపేవాడు. అలా ఎల్లన్న చేతిలో ఉన్న భామలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి.

చివరగా చెప్పిన భామ వేరు. మెడ కొంచెం ఎడమకు వాల్చి ఉంటుంది. చూడగానే బాలరాజుకు అర్థమైంది. అది తల్లి కొమురవ్వ మెడ. ఏళ్ల తరబడి రాట్నం ముందు కండెలు చుట్టీ చుట్టీ అలా వాలిపోయింది. ఆమె చుట్టిన నూలుతో ఎన్ని చీరలు దిగాయో, ఒక్కటీ ఆమె ఒంటిమీదికి రాలేదు. మగ్గం దిగిందల్లా అమ్మకానికే పోయేది. "గిది అమ్మేది గాదు. మీ అవ్వకు. దసరా ఎల్లంగనే మగ్గమెక్కియ్యి," అన్నాడు ఎల్లన్న.

ఇంతలో పాత కంప్యూటర్ మాటిమాటికీ మొరాయించసాగింది. కొత్తది తెచ్చారు. పాత ప్రోగ్రాం కొత్త కంప్యూటర్‌లో ఎక్కదు కాబట్టి ప్రోగ్రాం కొత్త వర్షన్ కూడా తెప్పించారు. మరి ఆ వర్షన్ దాచే ఫైళ్లు మగ్గం మీది పాత పెట్టెకు పడతాయా? బాలరాజు ఫోన్ చేసి అడిగాడు. "అన్నీ పడతయి సార్," అన్నాడు ప్రోగ్రాం అమ్మే కంపెనీ మనిషి.

సంఘం అధ్యక్షుడు గోపాల్ దసరానాడే కొత్తది ఎక్కాలని పట్టుబట్టాడు. ముహూర్తం కుదిరితే మనవాళ్లకు మిగతావన్నీ కుదిరినట్టే. కొత్త కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టారు, మగ్గానికి బంతిపూల దండ వేశారు. కంపెనీ మనిషి ప్రోగ్రాం ఎక్కించి, పాత ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి నకలు చేశాడు.

"గోపాలన్నా, జానెడు నేసి సూద్దాం. అంతదాంక పాతది ఉండనీ," అన్నాడు బాలరాజు.

"పండుగనాడు మగ్గం తొక్కుతరా ఎవలన్న? పూజ జేసినంక పాతది ఈడ పెట్టుకుంటమా? రేపటి సంది నేసుడే గద!"

బాలరాజు నోరు మూసుకున్నాడు. అక్కడే మూసుకోకుండా ఉండాల్సింది. కంపెనీ మనిషి పాత కంప్యూటర్‌ను తుడిచేసి, పాత ప్రోగ్రాంకు తాళంచెవిలా పనిచేసే చిన్న యూఎస్‌బీ పుల్లను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

అయినా బాలరాజు తనకు తోచిన జాగ్రత్త తాను తీసుకున్నాడు. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని భామలను ఒక్కొక్కటీ తెరిచి చూశాడు. అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. మూసేటప్పుడు ప్రోగ్రాం ప్రతిసారీ 'దాచాలా?' అని అడిగింది, అతను ప్రతిసారీ అవునన్నాడు. పెన్‌డ్రైవ్‌లోని పాత నకళ్లు తీసేసి వీటినే పెట్టాడు. కొమురవ్వ భామ కనిపించగానే ఎల్లన్న ఎడమచేత్తో కొడుకు భుజం తట్టాడు.

మర్నాడు మగ్గానికి పడుగు ఎక్కించి ఫైలు పెట్టెకిచ్చారు. పెట్టె ఎర్రదీపం వెలిగించి ఊరుకుంది. ఇంకో భామను ఇచ్చారు, మళ్లీ ఎర్రదీపమే. ముందురోజు దాచిన ప్రతి ఫైలూ కొత్త వర్షన్‌లోకి మారిపోయింది. పెట్టెకు పాత రాతే తెలుసు. దాన్ని తయారుచేసినవాళ్లు ఈమధ్యే దుకాణం మూసేశారు, దానికి కొత్త రాత నేర్పేవాళ్లు లేరు. కంపెనీకి ఫోన్ చేస్తే, పాత వర్షన్ ఆపేశాం, వెనక్కి మార్చడం కుదరదన్నారు. కొత్త ప్రోగ్రాం తెరమీద నిండు బొమ్మనే చూపేది, చేత్తో నేద్దామన్నా ఏ పోగు లేవాలో చెప్పే గడులను చూపేది కాదు. బాలరాజు ఒక్క ఫైలైనా తెరిచి దాచకుండా ఉంచుంటే మగ్గం నడిచేది. జాగ్రత్తపడి అన్నీ తెరిచాడు.

తండ్రికి చెప్పక తప్పలేదు. "తెరిచి సూపిస్తివి గద కొడుకా. నా కండ్లతోని సూస్తి గద," అన్నాడు ఎల్లన్న. బాలరాజు తల వంచుకుని ఏడ్చాడు.

"మళ్ల చెప్త, రాసుకో. చెయ్యితోనే నేస్తరు ఎవలన్న," అన్నాడు ఎల్లన్న కాసేపటికి. కానీ మొదలుపెట్టకముందే పక్షవాతం రెండోసారి కొట్టింది, ఉన్న మాటా పోయింది. ఆ తర్వాత మంచం మీద ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద ఆడుతూనే ఉండేవి, రెండు ఎత్తి ఒకటి వదిలి. బాలరాజు కాగితం పట్టుకుని పక్కన కూర్చునేవాడు. ఏది మడిమో ఏది మెడో తెలిసేది కాదు. తండ్రి వేళ్లు ఆగి, అతనివైపు చూసి, మళ్లీ మొదటినుంచి ఎత్తేవి. చలి ముదిరేసరికి అవీ ఆగిపోయాయి.

దినాలయ్యాక బాలరాజు తల్లిని షెడ్డుకు తీసుకొచ్చాడు. కంప్యూటర్ తెరిచి భామను తెర నిండా పెట్టాడు. మెడ ఎడమకు వాలి ఉంది. బొమ్మలో ఎక్కడా తప్పు లేదు.

"సూడవ్వా, బాపు నీకోసం చెప్పిందే. ఏడికి పోలే, గీడనే ఉన్నది."

కొమురవ్వ చాలాసేపు చూసింది. తర్వాత పాత చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సూసేతందుకు చెప్పలేదు బిడ్డా మీ బాపు," అంది. "కట్టుకునేతందుకు చెప్పిండు."