మిల్లు గోడ మీది రెండో చెయ్యి

త్రిభుజాల దెబ్బకు తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను. ఇప్పుడు నేను తినే బువ్వంతా త్రిభుజాలే. వీడియో గేముల్లో కనిపించే ఇళ్లు, దుకాణాలు, గోదాములు కంప్యూటర్లో త్రిభుజాలు అతికించి కడతాను. సూర్యాపేట బజార్లో మా లెక్కల సారు ఎదురైతే పక్క సందులోకి తప్పుకుంటాను. ఈ సంగతి విని ఆయన గుండె ఆగితే ఎవరు జవాబుదారీ?

ఇది 2023 నాటి మాట. ఒక గేమ్ కంపెనీకి పాతకాలపు బియ్యం మిల్లు కావలసి వచ్చింది, అదీ లో-పాలీలో. అంటే వీలైనన్ని తక్కువ త్రిభుజాలతో కట్టాలి, లేకపోతే ఫోన్లో ఆట నత్తలా నడుస్తుంది. అలా వదిలేసిన వివరాల బరువంతా టెక్స్చర్ మోస్తుంది. టెక్స్చర్ అంటే గోడలకు చుట్టే బొమ్మ. ఊడిన సున్నం, తుప్పు, బాయిలర్ మసి అన్నీ అందులోనే.

ఫొటోల కోసం మిర్యాలగూడ వెళ్లాను. అక్కడ ఒక మిల్లు కూల్చడానికి సిద్ధంగా ఉంది. ఓనరు సేటు కొడుకులు దాని స్థానంలో కొత్తది కట్టబోతున్నారు. డెబ్బై దాటిన సేటు నన్ను పెద్ద తలుపు దగ్గరికి తీసుకుపోయి, అటొకటి ఇటొకటి ఎర్రటి జాజుతో వేసిన అరచేతి ముద్రలు చూపించాడు.

"మిల్లు మొదలువెట్టిన్నాడు మా ఇంటామె ఏసింది. ఇప్పుడు ఆమె లేదు. గింత గోడ ఉంచుండ్రిరా అంటె మా పోరగాండ్లు నవ్విన్రు. నీ ఆటలనన్న ఉంచుతవా?"

"ఉంచుత సేటూ. తుప్పు గూడ ఉంచుత."

పని అయ్యాక లాప్‌టాప్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. అప్పటికి మిల్లు లేదు, చదును చేసిన నేల ఉంది. సేటు తెరమీద మిల్లును చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఈ పక్క చెయ్యి ఎవలిది?"

"మీ ఇంటామెదే సేటూ."

"కాదు. గిది ఎడమచెయ్యి. శుభకార్యానికి మా ఆమె ఎడమచెయ్యి వెడ్తదా?"

మా పనిలో మిర్రర్ అని ఒక ఒడుపు ఉంది. భవనం రెండు పక్కలా ఒకేలా ఉంటే ఒక సగానికే బొమ్మ వేసి, అద్దంలో చూసినట్టు తిప్పి రెండో సగానికి అంటిస్తాం. చోటు ఆదా అవుతుంది. నేనూ అదే చేశాను. ఆమె కుడిచెయ్యి కాస్తా ఎడమచెయ్యి అయింది.

"మరి అసలు చెయ్యి? గోడనే లేకపాయె గద..." సేటు చదును చేసిన నేలవైపు చూశాడు.

దగ్గరగా తీసిన ఫొటోలన్నీ ఒక పక్కవే. ఫోనంతా గాలించాను. చివరికి మిల్లు మొత్తం పట్టేలా దూరం నుంచి తీసిన ఒక ఫొటోలో, లారీ వెనకాల, రెండో ముద్ర బియ్యపు గింజంత కనిపించింది. దాన్ని కత్తిరించాను. టెక్స్చర్లో చోటు లేకపోతే పైకప్పు రేకుల బొమ్మను కుదించి ఇరికించాను. పెద్దది చేసి చూస్తే అవి కొన్ని ఎర్రటి గళ్లు, అంతే. కట్టిన నాకే అది చెయ్యిలా కనిపించలేదు. భయపడుతూ తెర ఆయనవైపు తిప్పాను.

సేటు వంగి చూశాడు. "ఆఁ... గిదే. చిటికెనవేలు జర దూరంగ వోతది సూడు. చిన్నప్పుడు తలుపుల వడి వంకరైందట." ఆ గళ్ల మీద తన అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు.

ఇన్నేళ్లూ భవనాలు నేనే కడుతున్నాననుకున్నాను. నేను పెట్టింది నాలుగు చుక్కలు. వాటిలో మనిషిని పెట్టింది ఆయన. అప్పటినుంచి మనిషి చెయ్యి తగిలిన గోడను నేను మిర్రర్ చెయ్యను.

బరువు తగ్గిద్దామని నోరు తెరిచాను. "సేటూ, ఒక్కటి చెప్త, తిట్టొద్దు. ఆటల ఈ మిల్లును బాంబు వెట్టి పేలుస్తరు."

ఆయన తెర మీది నుంచి చూపు తిప్పనే లేదు.

"పేల్చనియ్యి. ఆట మల్ల మొదలువెడ్తె మిల్లు మల్ల లేస్తది గద? ఆ బటనేదో మా పోరగాండ్లకు జర సూపియ్యి."