'మారా' అనే మాట

ఆయన ఆపరేషన్ థియేటర్లో విసిరిన క్లాంపు ఒక పీజీ విద్యార్థి కనుబొమ్మని చీల్చేసింది. మూడు కుట్లు పడ్డాయి. ఆ కుట్లు కూడా ఆయనే వేశాడట, అతన్ని తిడుతూనే. మర్నాడు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "మీరు కాస్త ఆయనతో మాట్లాడండి" అన్నాడు.

అప్పట్లో నేను కలకత్తాలో ఒక మెడికల్ కాలేజీలో సైకాలజిస్టుని. నాకు జీతమిచ్చేది రోగుల్ని చూడడానికి గానీ, సర్జరీ విభాగం పెద్దని దారిలో పెట్టడానికి కాదు. తర్వాత్తర్వాత దానికి లీడర్‌షిప్ కోచింగ్ అని పేరొచ్చింది, నా బతుకుతెరువే అదైంది. ఆ రోజుల్లో మాత్రం ఎవరికీ చేతకాని పనిని తెచ్చి నా నెత్తిన పడేశారు, అంతే.

మొదటిరోజు ఆయన నా గదిలోకొచ్చి కూర్చోనేలేదు. "ఈ చేతుల మీద జనం బతుకుతున్నారు. మీరొచ్చి నాకు మర్యాద నేర్పుతారా?" అని బల్లని ఫెడీమని తన్నాడు. సిరాబుడ్డి ఒలికి నా చీర నాశనమైంది. కోపం నాకూ తక్కువేం కాదు. లేచి నిలబడి, "ఇంకోసారి తన్నండి, నేనూ తంతాను" అన్నాను. తన్నేది బల్లని కాదని ఆయనకి అర్థమైనట్టుంది. కూర్చున్నాడు.

నేను గార్డెన్ రీచ్‌లో రేవు కూలీల వరస ఇళ్లలో, లైన్లంటారు వాటిని, పుట్టి పెరిగినదాన్ని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడల్లో బస్తాలు మోసిన మనిషి కూతుర్ని. మా లైన్లలో మాట ముందు వచ్చేదో చెయ్యి ముందు లేచేదో చెప్పడం కష్టం. అందుకే ఆయనంటే నాకు భయం వెయ్యలేదు. కానీ నా పుట్టుక సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు. ఊరేదంటే "ఆంధ్రా" అని ఊరుకునేదాన్ని. నా బెంగాలీ విన్నాక రెండో ప్రశ్న ఎవరూ అడిగేవారు కాదు. కూలీ కూతురని తెలిస్తే ఆ తెల్లకోట్ల మధ్య నా మాటకి చిల్లికానీ విలువుండదని అనుకునేదాన్ని.

వారానికోసారి చొప్పున ఎనిమిది నెలలు కూర్చున్నాం. విసరడం తగ్గింది. చెంపదెబ్బలు మాత్రం పూర్తిగా మానలేదు. ఇంతలో అసలు విషయం బయటపడింది. రోగి చనిపోతే ఆ కబురు ఆయన ఎప్పుడూ తనంతట తాను చెప్పలేదు. హౌస్ సర్జన్‌ని పంపి, తను వెనక మెట్ల మీంచి దిగి కారెక్కేవాడు. ఆ రోజుల్లో మనిషి పోతే వార్డు అద్దాలు పగలడం, బెంచీలు విరగడం మామూలే. చావు కబురు మోసుకెళ్లిన జూనియర్లలో ఒకడికి ముందుపళ్లు రెండు ఊడాయి, ఇంకొకడికి కర్ణభేరి చిల్లుపడింది.

"మీరు విసిరే కత్తెరల కంటే ఇది పెద్ద దెబ్బ. మీకు పడాల్సిన దెబ్బలు ఆ పిల్లలు తింటున్నారు" అన్నాను. నన్ను కొడతాడనే అనుకున్నాను. కొట్టలేదు, తలుపు విసురుగా వేసి వెళ్లిపోయాడు. మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వచ్చి, "ఎలా చెప్పాలో నేర్పండి" అన్నాడు.

నేర్పాను. నేను చచ్చినవాడి భార్యని, కొడుకుని, తల్లిని అయ్యేదాన్ని. ఆయన నా ఎదుట నిలబడి కబురు చెప్పేవాడు. ప్రతిసారీ "ఎక్స్‌పైర్ అయ్యారు" అని గొణిగేవాడు. నాకు ఒళ్లు మండేది. "ఎక్స్‌పైర్ అయ్యేవి మందు సీసాలు. మనిషి చచ్చిపోతాడు. కళ్లలోకి చూసి మామూలు బెంగాలీలో చెప్పండి: మారా గేఛేన్" అన్నాను. చనిపోయారని దానర్థం. ఆ మాట అనడానికి ఆయన నోరు తిరిగేది కాదు. నలభైసార్లు అనిపించాను. ఆ మాట ఆయన నోట పెట్టింది నేనే, అది ఎవరి మీదకీ నెట్టలేను.

ఒక రోజు సాయంత్రం రేవులో క్రేను గొలుసు తెగి ఇనపకడ్డీల మోపు ఒక కూలీ మీద పడింది. నడుం నుంచి కిందికి నుజ్జయిన మనిషిని మోసుకొచ్చారు. మర్నాడు పొద్దున్నే వరండాలో మా లైన్ల తెలుగు వినిపించింది. విని, ఎదురుపడకుండా అవతలి మెట్లెక్కి నా గదికి వెళ్లాను. తమ్ముణ్ని చూడడానికని ఊర్నుంచి వచ్చి, రైలు దిగగానే సంగతి తెలిసి తిన్నగా ఆసుపత్రికి వచ్చేసిన అతని అన్న, చేతి సంచీతో సహా థియేటర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తొమ్మిదింటికి రక్తం సీసాలు ఆలస్యమయ్యాయని మా సర్జన్ బయటికొచ్చి, వాళ్లందరూ చూస్తుండగానే హౌస్ సర్జన్ చెంప పగలగొట్టి లోపలికి వెళ్లాడు. పదకొండింటికి ఆ కూలీ ఆపరేషన్ బల్ల మీదే పోయాడు.

నాకు కబురొచ్చింది. వెళ్లేసరికి ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. మొహంలో రక్తపుచుక్క లేదు. "ఇవాళ నేనే చెప్తాను. మీరు నా వెనక ఉండండి" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది గానీ, ఆ క్షణాన మాత్రం గర్వమే.

పక్కకి లాగే ఇనప కటకటాల గేటు అది. ఆయన గేటు దాటి ఒక్క అడుగు బయట పెట్టి, ఆసరాకి కుడిచేత్తో గేటు కమ్మీ పట్టుకున్నాడు. ఎదురుగా ముప్ఫైమంది దాకా ఉన్నారు. నేను చెప్పినట్టే అన్న కళ్లలోకి చూసి, నిదానంగా, స్పష్టంగా అన్నాడు: "ఉని మారా గేఛేన్."

అన్నకి బెంగాలీ రాదు. సూరత్ మిల్లుల్లో కొన్నేళ్లు పనిచేసి నాలుగు హిందీ ముక్కలు నేర్చినవాడు. హిందీలో మారా అంటే కొట్టడం, చంపడం.

"ఏటీ, మారా?" అన్నాడు. వెంటనే గొంతు చించుకుని అరిచాడు. "కొట్టినాడంట్రా! పొద్దుటేల ఆ పిల్ల డాక్టర్ని కొట్టినాడు గదా, నా తమ్ముణ్ని సైతం కొట్టి సంపీసినాడు! తనే సెప్తన్నాడు!"

నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. గేటుకి ఇవతల ఆయన మాటా, అన్న కేకా రెండూ అర్థమైంది నాకొక్కదానికే. "కాదు బాబూ, పోనాడని సెప్తన్నాడు" అంటే చాలు. నా పక్కన సూపరింటెండెంటు ఉన్నాడు, నర్సులున్నారు, నా క్లాసులకొచ్చే పీజీలు ఉన్నారు. లైన్ల తెలుగు వాళ్లందరి ముందూ నా నోట రావాలి. రాలేదు.

అన్న ఆయన కాలరు పట్టుకుని తల గేటుకేసి కొట్టాడు. రెండోసారి కొట్టేసరికి ముక్కులోంచి రక్తం చిమ్మింది. గుంపు వెనక నుంచి బెంగాలీ వచ్చిన కూలీ ఎవడో "అది కాదు మావా" అని అరుస్తూనే ఉన్నాడు, ఎవరు వింటారు! ఇటుక ఒకటి వచ్చి నా భుజం పక్కనున్న అద్దాన్ని పగలగొట్టింది. సెలైన్ స్టాండు పీకి గేటు కాపలా కాసే ఒక ముసలి దర్వాన్ వీపు మీద వాయించారు. ఎవరో ఆయన్ని లోపలికి ఈడ్చారు. "గేటు! గేటు!" అని కేకలు. నేను రెండు చేతులతో గేటు పట్టుకుని, బరువంతా వేసి లాగాను. పటపటమని చప్పుడైంది. గేటు ఎక్కడో పట్టేసిందనుకుని ఇంకోసారి లాగాను. అప్పుడు వినిపించింది ఆయన కేక. లోపలికి ఈడ్చినా ఆయన కుడిచేతి పట్టు వదల్లేదు, వేళ్లు ఇంకా కమ్మీల మధ్యే ఉన్నాయి.

మూడు వేళ్లు నుజ్జయ్యాయి. పోలీసులొచ్చి కనపడ్డవాళ్లందర్నీ లాఠీలతో బాదారు. డాక్టరు చెయ్యి విరగ్గొట్టాడని అన్నని లాకప్పులో వేశారు. జూనియర్లు పని మానేసి నినాదాలు చేశారు. గేటు లాగింది ఎవరని ఒక్కరూ అడగలేదు. జనమే చేశారన్నారు, నేనూ వింటూ కూర్చున్నాను. తలకొరివి పెట్టాల్సినవాడు లాకప్పులో, శవం మార్చురీలో. బావగారు వస్తే గానీ శవాన్ని కదలనివ్వనని పోయినవాడి భార్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. మూడు రోజులు ఆమె ముందు నుంచే నడిచి డ్యూటీకి వెళ్లాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

నాలుగోరోజు ఆయన మంచం దగ్గరికి వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, "మీరు నేర్పినట్టే చెప్పానా? ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగాడు, చిన్నపిల్లాడిలా.

చెప్పేశాను. మాట గురించి చెప్పాను, గేటు గురించి చెప్పాను, అన్న అరిచిన తెలుగు నాకు అప్పుడే అర్థమైందనీ చెప్పాను. ఆయన లేచి ఎడమచేత్తో నా చెంప మీద కొట్టాడు. కిందపడ్డాను, మంచం కోడు తగిలి నా పెదవి చిట్లింది. ఆయన గోడకి చేరబడి ఆ ఎడమచేతినే చూసుకున్నాడు. "కారు పిలవండి. ఠాణాకి వెళ్దాం" అన్నాడు తర్వాత.

ఠాణాలో నేను చెప్పింది ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ రాసుకున్నాడు. తనని కొట్టినందుకు కేసేమీ అక్కర్లేదని సర్జన్ ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు. అన్నని బయటికి తెచ్చారు. ఒక కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది, కాలు ఈడుస్తున్నాడు.

"మీ తమ్ముణ్ని ఎవులూ కొట్టనేదు బాబూ. మారా అంటే ఈ ఊర్లో సచ్చిపోనాడని. ఈయన చెయ్యి గేటులో నలిపింది నాను" అన్నాను. ఏళ్ల తర్వాత ఇంటి బయట ఆ తెలుగు మాట్లాడడం అదే మొదటిసారి.

అతను తెరుచుకున్న ఒక్క కంటితో నన్ను ఎగాదిగా చూశాడు.

"మనోళ్ల పిల్లవేటి నువ్వు?"

"అవును బాబూ. లైన్లలోనే పుట్టినాను."

"ఆ యేల గేటు కాడ ఉన్నావు గదా. నా కేక నీకు ఇనిపించింది గదా?"

"ఇనిపించింది."

"మరి సెప్పనేదేటి, తల్లీ?"

"ఏమంటున్నాడు?" అని సర్జన్ అడిగాడు. ఆ ప్రశ్నని ఆయనకి బెంగాలీలో చెప్పాను. అప్పుడిక ఇద్దరూ నా మొహంలోకే చూస్తూ నిలబడ్డారు.

"సిగ్గేసింది" అన్నాను. ముందు తెలుగులో అన్నాను, తర్వాత బెంగాలీలో.