పీకొద్దన్న మొక్క

మా నాన్నది కిరాణా కొట్టు, మేనమామలది బట్టల కొట్టు. నేను బేరమాడకుండా ఏదైనా కొనుక్కొస్తే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూసేవారు. గల్ఫ్‌కొచ్చి ఇంటర్నేషనల్ సిటీలో సొంతంగా చిన్న కొట్టు పెట్టాక ఆ బుద్ధి ఇంకా ముదిరింది.

శుక్రవారాలు ఎండు నెత్తళ్ళ కోసం గోదావరి వైపు అక్క ఒకామె వచ్చి, నాకు దీటుగా బేరమాడేది. అరబ్బుల ఇంట్లో ముసలావిడను చూసుకునే పని. కోవిడ్ సద్దుమణిగాక ఒక ఫిబ్రవరిలో సంచిలోంచి బంగాళాదుంపల్లాంటివి రెండు తీసి చూపించింది. ఫగా. ఎడారి ఇసుకలో పుట్టే పుట్టగొడుగు. డేరా మార్కెట్లో దాని ధర విని, అంత బేరగాణ్ణి నేనే నోరు మూసుకుని వచ్చేశాను.

"ఎక్కడ దొరికాయక్కా?"

"చెప్పను తమ్ముడూ. ఇవి తవ్వడానికెళ్ళే ఆ ఒక్కరోజే ఏడాదికి మా మేడమ్ వాళ్ళ ఇంటిల్లిపాదీ నా ఎనకాల నడుస్తారు. అదీ నీకిచ్చేస్తే నాకేం మిగుల్తాది?"

నెత్తళ్ళ పొట్లం మీద గోంగూర పెట్టాను. దాని మీద మామిడి తాండ్ర పెట్టాను. మూడో శుక్రవారానికి దారి చెప్పింది.

"రగ్రూగ్ అంటారు, పసుపు పూల బుల్లి మొక్క. దాని పక్కన ఇసుక బీటలిచ్చిన చోట పుల్లతో తవ్వు. మొక్కని మాత్రం పీకకు. దాని వేళ్ళని పట్టుకునే ఇది బతుకుద్ది. గొయ్యి పూడ్చి రా."

తెల్లవారుజామునే పికప్ వేసుకుని వెళ్ళాను. పుల్లతో నాలుగు దొరికాయి. పక్కనే ఇన్నుంటే అడుగున ఎన్నుంటాయో అనిపించింది. మంచి సరుకు బస్తా అడుగునే దాస్తారని కొట్లో పెరిగినవాడికి తెలియదా! మొక్క పీకాను. కింద వేళ్ళు తప్ప ఏమీ లేవు. బుద్ధి రాలేదు, రెండోది పీకాను. ఎండెక్కేసరికి అక్కడ పసుపు రంగన్నది లేదు. సంచిలో ఆ నాలుగే ఉన్నాయి. మసాలా దట్టించి వండుకుని తిన్నాను. ఇసుక పళ్ళకింద కరకరలాడింది.

మరుసటి ఏడు వానలు బాగానే పడ్డాయి. అక్క ఖాళీ సంచితో వచ్చింది.

"మొక్కలే లేవు తమ్ముడూ. అందర్నీ అంత దూరం నడిపించాను. మేడమ్ 'ఖలాస్, నీకు కళ్ళు పోయాయి, వచ్చే ఏడు నువ్వు ఇంట్లోనే ఉండు' అంది."

"ఒంటెలు మేసేసి ఉంటాయక్కా," అన్నాను. ఆ మాట ముందే సిద్ధం చేసుకున్నాను.

నెత్తళ్ళు తూచి, పైన ఇంకో గుప్పెడు వేశాను. నా కొట్లో ఎవరికీ జరగని మర్యాద అది. ఆమె తక్కెడ వైపు చూసింది, తర్వాత నా వైపు.

"ఒంటె పైపైన మేస్తాది తమ్ముడూ. వేళ్ళతో పీకదు."

ఆ గుప్పెడూ తీసి బస్తాలో వేసేసింది.

ఇప్పటికీ శుక్రవారాలు వస్తుంది. ఎంత చెప్తే అంత ఇచ్చి వెళ్ళిపోతుంది. ఒక్కసారైనా బేరమాడుతుందేమోనని, ఆమె వచ్చినప్పుడల్లా ధర కాస్త ఎక్కువే చెప్పి చూస్తుంటాను.